నందన కరువు తర్వాత నీళ్లొచ్చాయి

ఈ మధ్య ఏ ఇంటికెళ్లినా, ఏ మస్జిద్ మెట్ల మీద నలుగురు కూర్చున్నా ఒకటే సవాల్: "దునియా ఎటు పోతోంది భాయ్?" ఫోన్ తెరిస్తే జంగ్, బజారుకెళ్తే మహంగాయీ. గాజా పిల్లల మొహాలు చూసి మన అమ్మీలు రొట్టె ముక్క గొంతు దిగక పళ్లెం పక్కన పెట్టేస్తున్నారు. కౌలుకి మిర్చి వేసిన వాళ్లకి యార్డులో రేటు ఏమవుతుందోనన్న పరేషానీ. చదువుకుంటున్న పిల్లలు "మేం పెద్దయ్యేసరికి ఏం మిగులుతుంది?" అనడుగుతుంటే అబ్బాలు జవాబు దొరక్క టీవీ కట్టేస్తున్నారు.

మాయూసీ మనకు మనా అని ఇంట్లో బుజుర్గులు గుర్తుచేస్తూనే ఉంటారు. నిజమే. కానీ మాయూస్ కావద్దని చెప్పినంత మాత్రాన దిల్ మాట వింటుందా? నేను ఆలిమ్‌ని కాను, బయాన్ చేయలేను. అఖ్బార్‌లో పనిచేసే మనిషిని. నాకు కాస్తో కూస్తో తెలిసింది తారీఖ్. అదీ గుంటూరు, ప్రకాశం జిల్లాల ఈ నల్లరేగడి నేల తారీఖ్. ఈ నేల కయామత్ లాంటి రోజుల్ని ఒకసారి కాదు, చాలాసార్లు చూసింది. తర్వాత ఎలా లేచి నిలబడిందో చూస్తే మన సవాల్‌కి కొంత జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

ముందు ఒక మాట గురించి. నేను పదో తరగతి దాకా చదివింది ఉర్దూ మీడియంలో. డిగ్రీ తెలుగులో. రెండు జబాన్ల మధ్య తిరిగేవాడికి మాటల బరువు వేరుగా తెలుస్తుంది. తెలుగులో 'ఆశ'ని సగం అనుమానంగానే చూస్తారు. దురాశ, పేరాశ, అత్యాశ అన్నీ దాని బంధువులే. "ఆశ లావు, పీక సన్నం" అని సామెత కూడా ఉంది. ఉర్దూలో 'ఉమ్మీద్'కి ఆ మచ్చ లేదు. పైగా మన ఇళ్లలో కోడలు కడుపుతో ఉంటే "బహూ ఉమ్మీద్ సే హై" అంటారు. ఆ మాట ఎంత లోతైనదో చూడండి. ఉమ్మీద్‌తో ఉన్న మనిషి ఊరికే కూర్చుని ఎదురుచూడదు. వేళకు తింటుంది, అడుగు చూసి వేస్తుంది, మెత్తబడ్డ పాత చీరలు ఏరి పొత్తిగుడ్డలు కుట్టిపెడుతుంది. పుట్టే బిడ్డ మొహం ఎవరూ చూడలేదు. అయినా బట్టలు తయార్. ఇంకా చూడని మనిషి కోసం చేసే ఇంతెజామ్‌నే నేను ఉమ్మీద్ అంటాను. ఈ నేల తారీఖ్ మొత్తం అదే చెబుతుంది.

ముర్తుజానగర్ పేరు మన పెద్దవాళ్ల నోట ఎప్పుడైనా విన్నారా? కుతుబ్‌షాహీల జమానాలో కొండవీడుకి ఆ పేరు పెట్టారు. గుంటూరు సర్కార్‌ని ముర్తుజానగర్ సర్కార్ అని కూడా అనేవారు. తర్వాత అది నిజాం అలీ ఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండి, ఆయన ఇంతెకాల్ అయ్యాక, 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. జెండా మారింది, వసూళ్ల తొందర మాత్రం మారలేదు. జమీందార్లు, వాళ్ల మీద కంపెనీ, అందరి కిందా రైతు.

1832లో వానలు మొహం చాటేశాయి. తెలుగు లెక్కలో అది నందన నామ సంవత్సరం. అందుకే ఆ కహత్‌ని నందన కరువు అన్నారు. జొన్న మొలవలేదు, పశువుకి గడ్డి లేదు. బయటి నుంచి ధాన్యం తెద్దామంటే సరైన రోడ్లు లేవు. ఎద్దుల మీద రావాలి. ఎద్దులేమో మేత లేక, నీళ్లు లేక దారిలోనే కూలిపోతున్నాయి. జనం ఊళ్లు వదిలి మద్రాసు దారి పట్టారు. ఆ దారి పొడవునా శవాలే. గుంటూరు జిల్లాలో అప్పటి ఆబాదీ సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనాలు. అంటే ప్రతి పదిమందిలో ముగ్గురో నలుగురో. మీ మొహల్లాలో పది ఇళ్లు లెక్కపెట్టి, మూడు నాలుగు ఇళ్లకు తాళాలు ఊహించుకోండి. సాయిబులు, కమ్మవాళ్లు, మాలలు, మాదిగలు, సాలెవాళ్లు, ఆకలి ఎవరి జాతీ అడగలేదు. కానీ ముందు పోయింది మాత్రం గింజ దాచుకోవడానికి గాదె లేనివాళ్లే. అది ఏ జమానాలోనైనా అంతే.

ఇందులో గుండె కోసే విషయం ఇంకొకటుంది. కృష్ణమ్మ పుట్టింది ఇక్కడ కాదు. దూరాన పడమటి కనుమల్లో. అక్కడి వానలు ఏటా వరదగా మన పక్కనుంచే దిగి, సముద్రంలో కలిసిపోయేవి. ఈ నేల మీద వాన పడకపోయినా ఆ నీళ్లను మళ్లించుకునే దారి ఉంటే డెల్టా ఊళ్లయినా బతికేవి. ఆ దారి లేదు. నది ఉంది, తద్బీర్ లేదు.

హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం కిస్సా మన పిల్లలందరికీ తెలుసు. కరువు రాకుండా ఆయన ఆపలేదు. ఏడేళ్ల కరువు వస్తుందని తెలిసి, ముందున్న ఏడేళ్లలో వెన్నుతోనే ధాన్యం దాచిపెట్టించాడు. పైగంబర్ చేసిన పని గిడ్డంగి హిసాబ్! ఆ కిస్సాని మనం ఎక్కువగా సబర్ కోసం చెప్పుకుంటాం. సగం సబక్ అదే. మిగతా సగం తద్బీర్.

గుంటూరుకి ఆ తద్బీర్ ఆలస్యంగా వచ్చింది. మనుషులు పోతే దున్నేవాడు లేడు, దున్నేవాడు లేకపోతే శిస్తు లేదు. ఏళ్ల తరబడి ఖజానా ఖాళీ కావడంతో కంపెనీకి నిద్ర చెదిరింది. 1845లో గుంటూరు రెవెన్యూ సంగతి చూడమని వాల్టర్ ఇలియట్‌ని పంపారు. అమరావతి స్తూపం రాళ్లను మద్రాసుకి తరలించిన ఇలియట్ ఆయనే. అటు గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. అదే చేత్తో కృష్ణకీ కావాలన్నారు. బెజవాడ దగ్గర కెప్టెన్ ఛార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో పని మొదలై 1855కి ఆనకట్ట నిలబడింది. పడమటి డెల్టా కాలువలు తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు సాగాయి. ఎండిన నేలలో వరి పచ్చబడింది.

కంపెనీవాళ్లు రహమ్‌తో ఇదంతా చేశారని నేను అనను. శిస్తు పెరుగుతుందన్న హిసాబ్ అందులో ఉంది. కాటన్, ఓర్ పేర్లు మిగిలాయి, రాయి మోసిన లంకల కూలీల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. అయినా ఒక లెక్క చూడండి. 1833 నుంచి 1855 దాకా 22 ఏళ్లు. కరువులో తల్లి పాలు లేక ఏడ్చి, ఎలాగో బతికిన పసిబిడ్డ ఆనకట్ట నాటికి 22 ఏళ్ల జవాన్. బహుశా ఆ కూలీల్లో ఒకడు. తన చిన్నప్పుడు లేని నీళ్లను తన బిడ్డల కోసం మళ్లించినవాడు. ఆ మనిషి పేరు మనకి తెలియదు. కానీ ఈ రోజు మనం తినే అన్నంలో అతని చెమట ఉంది.

మళ్లీ 1876లో వానలు పోయాయి. ఈసారి ధాత నామ సంవత్సరం, ధాత కరువు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతా లక్షల్లో జనం చచ్చారు. పని ఇచ్చి కూలి ఇస్తామని హుకూమత్ సహాయ శిబిరాలు పెట్టింది. కానీ ఖర్చు తగ్గించాలని రిచర్డ్ టెంపుల్ 1877లో మగమనిషి కూలిని రోజుకి ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణాకి కోసేశాడు. అరకిలో కూడా లేని గింజతో మట్టి తవ్వమన్నారు. జుల్మ్ అంటే అదే.

ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడ జాన్ క్లఫ్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. సర్వే పని వచ్చినవాడు. కరువు పనిగా తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కకి తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగ గూడేల నుంచి వేలమంది అక్కడికొచ్చి పనిచేసి బతికారు. కాలువ పూర్తయ్యాక వాళ్లలో వేలమంది ఆయన మజ్హబ్ తీసుకున్నారు. దాని మీద ఇప్పటికీ రకరకాల వాదనలున్నాయి. ఆ వాదన వేరే. నాకు ఇక్కడ కావలసింది ఒక్కటే: ఆకలితో చస్తున్నవాడి ముందు నిలబడి దువా చేయడంతో ఆగకుండా, పార పట్టుకునే చోటు, సరిగ్గా కూలి అందే చోటు చూపించాడు. మనం ఎవరి నుంచైనా అచ్ఛాయీ నేర్చుకోవచ్చు. ఆ కరువు తర్వాతే ఫామిన్ కమిషన్ కూర్చుని 1880లో నివేదిక ఇచ్చింది, కరువొస్తే ఏ అధికారి ఏం చేయాలో కాగితం మీద రాసుకున్న ఫామిన్ కోడ్లు వచ్చాయి. చచ్చినవాళ్లకి అవి పనికిరాలేదు. తర్వాతివాళ్లకి పనికొచ్చాయి.

నీళ్ల కథ అక్కడితో ఆగలేదు. వందేళ్లు పనిచేసిన కృష్ణ ఆనకట్టకి 1952లో గండి పడింది. దాని చోట 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కి నెహ్రూ పునాది రాయి వేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. కుడికాలువ పల్నాడు మీదుగా ప్రకాశం వైపు సాగింది. జొన్న, సజ్జ తప్ప ఎరగని మెట్ట చేలల్లో పత్తి, మిర్చి పెరిగాయి. యంత్రాలతో పెద్దగా పనిలేకుండా, రాళ్లు భుజాల మీద మోసి కట్టిన డ్యాం అది. ఆ మెట్ల మీద పిల్లల్ని జోలెలో వేసుకుని ఎక్కిన ఆడకూలీల ఫొటోలు చూస్తే ఉమ్మీద్ బరువు ఎంతో తెలుస్తుంది.

ఇప్పుడు సముద్రం వైపు రండి. 1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. కృష్ణా జిల్లా దివిసీమతో పాటు మన రేపల్లె, నిజాంపట్నం తీరాన్నీ తాడిచెట్టంత అల ఊడ్చేసింది. సర్కారీ లెక్కల్లోనే మృతులు పదివేల దాకా. రోజుల తరబడి శవాలకి జనాజా నమాజ్, దహనం, పాతిపెట్టడం అన్నీ ఒకేచోట జరిగిన రోజులవి. "ఇక ఈ తీరంలో మనుషులు బతకలేరు" అనుకున్నారు చాలామంది.

తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. రాడార్లు, ఉపగ్రహ హెచ్చరికలు వచ్చాయి. ఏ ఊరి జనాన్ని ఏ దారిన ఎక్కడికి తరలించాలో కలెక్టరేట్లలో ముందే రాసిపెట్టుకున్నారు. 1990 మే 9న దాదాపు అంతే ఘోరమైన తుఫాను మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఇళ్లు పోయాయి, పశువులు పోయాయి, పంటలు పోయాయి. కానీ లక్షకు పైగా జనాన్ని ముందే తరలించడంతో ప్రాణనష్టం వెయ్యి లోపు. అవి కూడా ప్రాణాలే, తక్కువ చేయను. కానీ పదివేలకీ వెయ్యికీ మధ్య ఉన్న ఆ వేల ప్రాణాలు, ఆ 13 ఏళ్లలో ఎవరో గోడ కట్టినందుకు, ఎవరో జాబితా రాసినందుకు, ఎవరో చీకట్లో ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టినందుకు మిగిలాయి. గాలి అదే, సముద్రం అదే. మారింది ఇంతెజామ్.

పొలం వైపు చూస్తే కథ ఇంకా చేదు. దునియాలో ఎక్కడో జంగ్ జరిగితే మన పత్తి చేను వణకడం కొత్త కాదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. మన జిల్లాల్లో పండే పత్తిని వ్యాపారులు కాకినాడ రేవు పేరుతో 'కోకనాడాస్' అనేవారు. దానికి ఒక్కసారిగా రేటు ఎగబాకింది. 1865లో ఆ జంగ్ ఖతం కాగానే రేటు కూలింది. ఎప్పుడూ చూడని దేశం కోసం వేసిన పంటకి ఎప్పుడూ చూడని కారణంతో నష్టం. తర్వాత జిన్నింగ్ మిల్లులు వచ్చి, తరతరాలుగా వింటినారితో దూది ఏకిన మన దూదేకుల, నూర్‌బాషా ఖాందాన్ల పని మెల్లగా ఊడ్చుకుపోయాయి. వాళ్లు పరుపులు కుట్టారు, సంతల్లో తిరిగారు, కౌలు చేశారు, పిల్లల్ని బడికి పంపారు. విల్లు గోడకెక్కింది కానీ ఖాందాన్ నిలబడింది.

1980ల్లో పత్తి తెల్లబంగారం అన్నారు. ఎకరాలకెకరాలు కౌలుకి తీసుకున్నారు. పురుగు కోసం కొత్త మందులు కొట్టారు, మందు పెరిగేకొద్దీ పురుగుని తినే మిత్ర పురుగులూ చచ్చాయి. తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులు ఆ పురుగుమందే తాగి చచ్చిపోతుంటే దేశం తొలిసారి ఇటు తిరిగి చూసింది. ఆ ఇళ్లలో మిగిలిన బేవాల గురించి ఇప్పటికీ పూర్తిగా ఎవరూ రాయలేదు.

ఆ చీకట్లోంచి ఒక దారి తెలంగాణ వైపు కనబడింది. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే పత్తి ఊరు. అక్కడి మహిళా సంఘాలు ముందు నడిచి, పురుగుమందులు మానేశారు. వేప కషాయం, పసుపు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, చేని చుట్టూ ఎర పంటగా ఆముదం, బంతి. రెండు మూడేళ్లకి ఊరు అప్పులోంచి తేరుకోవడం మొదలుపెట్టింది. అక్కడి అనుభవం తర్వాత ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది.

మిర్చి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో దూరి చేలకు చేలు మాడ్చేసింది. పైరు పీకి దున్నేసినవాళ్లెందరో. కొరతతో రేటు పెరిగింది, రేటు చూసి అందరూ వేశారు, 2025 మొదట్లో యార్డులో రేటు పడిపోయింది. కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు అని మార్కెట్ జోక్య ధర ప్రకటించాల్సి వచ్చింది. నేను ఆ రోజుల్లో యార్డులో తిరిగాను. ఘాటుకి కళ్లు మండుతున్నాయో, మరేదైనా కారణమో తెలియని మొహాలు చూశాను. ఒక పెద్దాయన టిక్కీ మీద కూర్చుని, "ఈసారి రెండెకరాలే మిర్చి బాబూ, మిగతాది కంది, జొన్న. ఒక్క గుర్రం మీదే పందెం కాయను" అన్నాడు. ఏ సెమినార్‌లోనూ అంతకంటే సాఫ్‌గా ఎవరూ చెప్పలేదు.

మీరు ఇక్కడ ఒక మాట అడగొచ్చు. అడగాలి కూడా. "నీళ్లు 22 ఏళ్ల తర్వాత వస్తే, నందన కరువులో పోయిన 2 లక్షల మందికి ఏం లాభం?" ఏమీ లేదు. వాళ్ల ఆకలికి ఏ ఆనకట్టా ముఆవజా కాదు. ఉమ్మీద్ పేరుతో చచ్చినవాళ్ల బాధని చిన్నది చేయడం గునాహ్ అని నేననుకుంటాను. గాజాలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి తారీఖ్ చెప్పే హక్కు మనకెవరికీ లేదు. అక్కడ ఏడవడం, గొంతెత్తడం, చేతనైన ఇమ్దాద్ పంపడం, అంతే.

ఇంకొకటి. అన్ని కథలూ పూర్తి కాలేదు. ఉమ్మడి ప్రకాశం పడమట మార్కాపురం, కనిగిరి వైపు ఇప్పటికీ ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషులున్నారు. వెలిగొండ సొరంగాల గుండా కృష్ణ నీళ్లు వస్తాయని ఒక తరం విని విని ముసలిదైపోయింది. అందుకే ఉమ్మీద్‌ని నేను కర్జ్ అంటాను. మనకంటే ముందు ఎవరో మన మొహాలు చూడకుండానే రాళ్లు మోశారు. ఆ బాకీ వాళ్లకి తీర్చలేం. ముందుకొచ్చేవాళ్లకి తీర్చాలి.

ఎలా అంటారా? మన ఇళ్లలోనే ఉంది తరీకా. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసే రివాజ్ మన నానీమాలకి ఉండేది. ముఠ్ఠీ చావల్. నెలాఖరుకి అది మద్రసాకో, వీధి చివర బేవా ఇంటికో వెళ్లేది. తినేది ఎవరో తెలియకుండానే తీసిన పిడికెడు అది. ఆ కుండ ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఉంది? ఇంట్లో ఉన్న బుజుర్గులు చూసిన కరువులు, తుఫాన్లు, వాళ్లు వాటిని ఎలా దాటారో పిల్లల చేత రాయించండి. తీరం వైపు ఉన్నవాళ్లు దగ్గరి తుఫాను షెల్టర్ ఎక్కడో, దాని తాళం ఎవరి దగ్గరో తెలుసుకోండి. పొలం ఉన్నవాళ్లు ఉష్ర్ తీసేటప్పుడు మొహల్లాలో ఒక అమ్మాయి కాలేజీ ఫీజుని అందులో లెక్కించండి. సర్కారుని నీళ్ల గురించి అడగాల్సిన చోట అడగండి, ఒంటరిగా కాకుండా, మజ్హబ్ చూడకుండా నలుగురితో కలిసి అడగండి. రాత్రిపూట ఫోన్‌లో దునియా అంతా చూసి గుండె దడ పెంచుకునే ఒక గంటలో పక్కింటి తలుపు ఒకసారి కొట్టండి.

"పెద్దయ్యాక మాకేం మిగులుతుంది?" అని పిల్లలు మళ్లీ అడిగితే, ఆదివారం వాళ్లను బెజవాడ తీసుకెళ్లి ప్రకాశం బ్యారేజీ మీద నిలబెట్టండి. కింద పారే నీళ్లు చూపించి, ఇక్కడ మొదట ఆనకట్ట ఎందుకు కట్టాల్సి వచ్చిందో, కట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో చెప్పండి. ఆ తర్వాత, వాళ్ల వంతు పని ఏమిటో వాళ్లనే అడగండి.